టేపు కింద పసుపు లైటు

లక్ష్మీతిరుపతమ్మను పోయినవారం మనం ఆక్సిజన్ మిషను ముందు, చేతిలో తడిగుడ్డతో గొంతుక్కూర్చున్న చోట వదిలిపెట్టాం. జవళగేర దగ్గర, ఆంధ్ర నుంచి వలసొచ్చిన రైతుల క్యాంపులో వాళ్ళిల్లు. ఆమె భర్త నాగేంద్రబాబుకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. యాభై కూడా నిండని మనిషి, కాలవ కింద వరి మొత్తం ఒంటిచేత్తో ఈదుకొచ్చినవాడు, ఇప్పుడు మంచం మీంచి బాత్‌రూము దాకా నడిస్తే పెదాలు నీలం తిరుగుతున్నాయి. రాయచూరు ఆసుపత్రివాళ్ళు, ఇంట్లో పొద్దస్తమానం ఆక్సిజన్ పెట్టాలని చెప్పి పంపారు. మిషను తిరుపతమ్మ అన్నయ్య సాయిబాబు ఇచ్చాడు. విదేశాల్లో దాతలు పంపిన మిషన్లను జిల్లాలో రోగులకు ఉచితంగా సర్దే పెద్దమనిషి అతను. మిషను రేయింబవళ్ళు తిరుగుతూనే ఉంది. వేలికి పెట్టే క్లిప్పులో, తొంభై పైన ఉండాల్సిన ఆక్సిజన్ అంకె మాత్రం ఎనభై నాలుగు దాటడం లేదు. ఎందుకు దాటదో తెలియక కుమిలిపోతున్న తిరుపతమ్మ, మిషను తుడుస్తూ, ముందువైపు అంటించిన నల్ల టేపు ముక్కను గోటితో లేపింది. దాని కింద పసుపు లైటు వెలుగుతోంది.

ఆ లైటు ఇవాళ వెలిగింది కాదని చూడగానే తెలిసిపోయింది. టేపు వెనక జిగురు ఆ వేడికి కరిగి, లైటు చుట్టూ తేనెలా పేరుకుంది. దాని మీద దుమ్ము, రెండు చీమలు. ఎన్నాళ్ళబట్టో అది చీకట్లో వెలుగుతూనే ఉంది.

మంచం మీద నాగేంద్రబాబు కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, ఒక్కో ఊపిరీ బావిలోంచి తోడుకుంటున్నట్టు లాగుతున్నాడు. తిరుపతమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోను తీసింది. రాయచూరు ఆసుపత్రిలో మిషన్లు బాగుచేసే విభాగంలో రక్షిత అని ఒకమ్మాయి ఉంది. డిశ్చార్జి రోజున ఏదైనా అవసరమైతే చెయ్యమని నెంబరిచ్చింది. లైటు ఫొటో తీసి పంపగానే ఆ పిల్లే ఫోను చేసింది.

"అక్కా, మిషన్ వెనక తెల్ల స్టిక్కర్ ఉంటది, చూడు. ఏం రాసిందో చదువు."

తిరుపతమ్మ మిషను పక్కకి జరిపి వంగింది. "నూట పదిహేను వోల్టులని ఉందమ్మా. పక్కన అరవై, హెచ్ జెడ్."

అవతల రక్షిత ఆ అంకెలు మళ్ళీ చదివించుకుంది.

"గది అమెరికా మిషన్ అక్కా. మన గోడల వచ్చేది రెండువందల ముప్పై. డైరెక్టుగ పెట్టినవా ఏంది?"

"లేదమ్మా. మధ్యలో స్టెబిలైజరు పెట్టించాడు అన్నయ్య. ఇనుప డబ్బా. చెయ్యి పెడితే కాలిపోతది ఎప్పుడూ."

"అది స్టెబిలైజర్ గాదు. వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మర్. మిషన్ గుంజే కరెంటుకి డబ్బా చిన్నదైతే గట్లనే కాలుతది. ఏదో ఒకరోజు అంటుకుంటది గూడ. కానీ అసలు సంగతి అది గాదు." రక్షిత గొంతు తగ్గించింది. "డబ్బా వోల్టేజి దించుతది, అంతే. ఆ అరవై అని ఉంది చూడు, దాన్ని మార్చదు. అక్కడ కరెంటు సెకనుకు అరవై సార్లు కొట్టుకుంటది, మన దగ్గర యాభై. ఫోన్ చార్జర్‌కి, ల్యాప్‌టాప్‌కి నూరు నుంచి రెండువందల నలభై దాక అని రాసుంటది. వాటికి ఫికర్ లేదు, పిన్ను మార్చుకుంటే చాలు. ఇది మోటర్ అక్కా. అరవైకి కట్టిన మోటర్ యాభైల మెల్లగ తిరుగుతది. గాలిని సరిగ నొక్కదు. నొక్కకుంటే ఆక్సిజన్ వేరు పడదు. పైపుల గాలి రానైతే వస్తది. కానీ అండ్ల మందు లేదు."

మోటారు సంగతి తిరుపతమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. లో వోల్టేజిలో పొలం మోటారు ఎలా మూలుగుతుందో, నీళ్ళు ఎలా పడీపడనట్టు జారతాయో ఆమె చూడని ఎండాకాలం లేదు. ఇన్నాళ్ళూ ఈ మిషను మూలుగు వింటూ, అది దాని గొంతే అనుకుంది.

"మరి ఈ పసుపు లైటు?"

"అదే చెప్తున్నది. నేను ఇస్తలేను, రోగిని చూసుకోండి అని. లైటుతోని బీప్ బీప్ అని మొత్తుకోవాలె గూడ. మొత్తుకుంటలేదా?"

"ఒక్కసారి కూడా మొత్తుకోలేదు తల్లీ."

"అయితే దాని గొంతు ఎవరో కోసిన్రు అక్కా. ముందుగాల సిలిండర్ తెప్పియ్యి. తెచ్చేదాక దాన్ని ఆపకు, పైపు తియ్యకు. మిగిలినయి తర్వాత మాట్లాడుకుందాం."

సింధనూరు నుంచి సిలిండరు వచ్చింది. తెచ్చినవాళ్ళే పైపు మార్చి, మీటరు తిప్పారు. తిరుపతమ్మ భర్త వేలికి క్లిప్పు పెట్టి, మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఎనభై నాలుగు. ఎనభై ఆరు. అంకె ఆగింది, మళ్ళీ కదిలింది. తొంభై దాటింది. తొంభై మూడు దగ్గర నిలబడింది. నాగేంద్రబాబు పెదాల మీది నీలం, ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టు, నెమ్మదిగా వెనక్కి పోయింది.

అతను కళ్ళు తెరిచి, ఆశ్చర్యంగా భార్య వంక చూశాడు. "ఇదేంటే, గాలి ఇంత తియ్యగా ఉంది?"

ఆ మాటకి తిరుపతమ్మ సంతోషపడాలి. పడలేకపోయింది. మొన్న ఈ మనిషే, మిషను పెట్టినా పెట్టనట్టే ఉందని అంటే, మీకన్నీ అనుమానాలేనని కసిరింది. అన్నయ్య ఇచ్చిన దానికి వంక పెడతారా అని కూడా అంది. కసిరిన ఆ మాటలు చేదుగా ఇంకా నోట్లోనే ఉన్నట్టుంది. పెరట్లోకి వెళ్ళి పుక్కిలించి ఉమ్మింది. పోలేదు.

పక్కింటి తులసమ్మగారిని మంచం దగ్గర కూర్చోబెట్టి, ఆ ఇనుప డబ్బాను పాతచీర ముక్కలో చుట్టుకుని ఆటో ఎక్కింది. దారి పొడుగునా డబ్బా ఒళ్ళో వెచ్చగానే ఉంది. కాలిన వార్నీషు వాసన, ఎలక చచ్చిన గదిలోలాగా, చీర మడతల్లోంచి వస్తూనే ఉంది.

సాయిబాబు ఇంటి హాల్లో అడుగుపెడితే ముందు కనిపించేవి శాలువాలే. అద్దాల బీరువాలో మడతలు పెట్టి, ఒక్కోదాని కింద ఏ సభలో కప్పారో చీటీ అంటించి ఉంటుంది. గోడ నిండా ఫొటోలు. ప్రతి ఫొటోలోనూ అతను ఎవరో ఒక రోగి పక్కన నిలబడి, మిషను మీద చెయ్యి వేసి నవ్వుతుంటాడు. తిరుపతమ్మ ఆ ఫొటోలు ఎన్నోసార్లు చూసి మురిసింది. ఇవాళ రోగుల మొహాలు చూసింది. ఒక్కరు కూడా కెమెరా వంక చూడటం లేదు. అందరి నోళ్ళూ కొద్దిగా తెరుచుకునే ఉన్నాయి.

సాయిబాబు భోజనాల బల్ల దగ్గర, చొక్కా లేకుండా, భుజాన తువ్వాలుతో కూర్చుని ఉన్నాడు. కంచంలో గోంగూర, రొయ్యలు. చెంబుకి ఆనించి నిలబెట్టిన ఫోనులో ఏదో సన్మానం వీడియో నడుస్తోంది. అది అతని సన్మానమే.

"రా తిరుపతీ, వేళకొచ్చావు. వాణీ, చెల్లికి కంచం పెట్టు. బావకెలా ఉంది?"

"బాగున్నారు. నీ మిషను తీసేశాం, అందుకని బాగున్నారు."

వంటింటి గుమ్మంలో వదిన వాణి గరిటె పట్టుకుని ఆగిపోయింది. సాయిబాబు అన్నం కలపడం ఆపలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు అడిగాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

మిషనుకి ఏమైందని అడుగుతాడనుకుంది. కనీసం, ఏంటే ఆ మాట అంటాడనుకుంది. ఎవరు చెప్పారు అన్నాడు. తిరుపతమ్మ చేతిలోని మూట విప్పి డబ్బాను అతని కంచం పక్కన పెట్టింది.

"ఇది స్టెబిలైజరని చెప్పావు నాతో."

"మీకర్థమయ్యే మాట చెప్పాను. ట్రాన్స్‌ఫార్మరంటే ఏం తెలుస్తది?"

"నీకు తెలుసన్నమాట."

"కూర్చోవే ముందు. నిలబడి మాట్లాడితే గొడవలా ఉంటది." అతను నీళ్ళు తాగాడు. "పెట్టెలు ఓడలో వచ్చినయ్యి. అప్పటికే పందిరేసి సభ పెట్టాం, దండలేసుకున్నాం. విప్పి చూస్తే అన్నీ అక్కడి కరెంటువి. ఇప్పుడేం చెయ్యమంటావు? వెనక్కి పంపితే మళ్ళీ ఒక్కడన్నా ఇటువైపు చూస్తాడా?"

"వాళ్ళు నిన్ను అడగలేదా?"

"అడిగారు, మీ కరెంటుకి సరిపోతాయా అని. సరిపోతాయన్నాను. సరిపోయేలా చేశాంగా, ఊరూరికీ డబ్బాలు తెప్పించి."

"మెకానిక్కు చెప్పలేదా?"

"చెప్పాడులే, మోటారు నెమ్మదిస్తదని. ఎంతో కొంత వస్తది కదరా అన్నాను. అసలేమీ లేనోడికి ఎంతో కొంతైనా నయమేగా? నేనేమన్నా అమ్ముకున్నానా వాటిని? ఊరికే ఇచ్చాను. ఊరికే ఇచ్చినదానికి ఇన్ని వంకలా?"

"వంకలు కాదన్నయ్యా. ఆ లైటు మీద టేపెందుకు వేశావు? దాని నోరెందుకు నొక్కావు?"

సాయిబాబు చెల్లెలి వంక జాలిగా చూశాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"లైటు చూసి జనం ఒకటే ఫోన్లు. ఆ మోత వింటే ఇంటిల్లిపాదికీ కంగారు. రోగి సగం భయంతోనే పోతాడు తిరుపతీ. నేను ఆ భయం తీసేశాను. అంతకన్నా ఏం కావాలి?"

అని, వేళ్ళకంటిన గోంగూర నాకాడు. ఒక్కొక్క వేలూ, చిటికెన వేలు దాకా, తీరిగ్గా. తిరుపతమ్మ చూపు తిప్పుకుంది. అతను అబద్ధమాడుతున్నట్టుంటే కొంత నయంగా ఉండేది. అబద్ధమాడే మనిషికి ఎక్కడో సిగ్గు మిగిలి ఉంటుంది. ఇతను నిజం చెబుతున్నాడు, నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు. కుళ్ళిన పండు కోస్తే లోపల టెంక కూడా పురుగుపట్టి ఉన్నట్టు, ఎక్కడా పట్టుకోవడానికి గట్టిచోటు లేదు.

తిప్పుకున్న చూపు హాలు మూలన ఆగింది. అక్కడ నడుమెత్తున ఏదో ఉంది. దాని మీద అల్లికల గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పూలసజ్జ పెట్టారు. ఎన్నిసార్లు వచ్చినా అది స్టూలనుకుంది. కింద నాలుగు చక్రాలు కనిపిస్తున్నాయి. తన ఇంట్లో ఉన్నదానికీ అలాంటి చక్రాలే.

ఆమె వెళ్ళి పూలసజ్జ కింద పెట్టి, గుడ్డ లాగింది. కొత్త మిషను. ఇంకా పాలిథిన్ కవరు కూడా విప్పలేదు. వెనక్కి వంగి చదివింది. రెండువందల ముప్పై. యాభై.

"ఇదెవరిది?"

జవాబు వాణి ఇచ్చింది, నేల చూపులు చూస్తూ. "అది ఇంటి కోసం, తిరుపతమ్మా. ఆయన ముందుచూపుకి కొనిపెట్టారు."

"అవును, కొన్నాను," అన్నాడు సాయిబాబు. ఈసారి గొంతు కాస్త లేచింది. "నాకు బీపీ ఉంది, షుగరుంది. రేపు నాకేదన్నా అయితే ఇంతమందికి సేవ ఎవరు చేస్తారు? ఏం, నాది ప్రాణం కాదా?"

"మా ఆయనకి నీలం తిరుగుతుంటే నువ్వొచ్చావు. మంచం పక్కన కూర్చుని కాఫీ తాగావు. బావా, ధైర్యంగా ఉండు అన్నావు. ఫొటో కూడా దిగావు. ఆ రోజు ఇది ఇక్కడుందా?"

సాయిబాబు కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. ఎర్రటి నూనెనీళ్ళలో మెతుకులు తేలాయి.

"ఉంది," అన్నాడు.

తిరుపతమ్మ అతని మొహం వంక చూసింది. ఇద్దరూ ఒకే తల్లి కడుపున పుట్టారు, ఒకే కంచంలో తిన్నారు. ఆ ముక్కు, ఆ చెవులు తనకీ ఉన్నాయి. చేతులు కడుక్కోవాలనిపించింది. ఈ ఇంట్లో నీళ్ళతో కడుక్కోవాలనిపించలేదు. తిట్టడానికి మాట కోసం వెతికింది. ఏ మాటా అతనికి తగినంత మురికిగా దొరకలేదు.

బయట ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది.

సాయిబాబు కిటికీలోంచి చూసి, చటుక్కున లేచాడు. తువ్వాలుతో మూతి తుడుచుకుని, వంకెకి తగిలించిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటుండగానే మొహం మారిపోయింది. కళ్ళల్లోకి మెత్తదనం, పెదాల మీదికి ఓర్పు వచ్చి కూర్చున్నాయి. తిరుపతమ్మ ఆ మార్పును మొదటిసారి ఇంత దగ్గర్నుంచి చూసింది. పాము కుబుసం విడవడం కాదు, తొడుక్కోవడం చూసినట్టుంది.

గుమ్మంలోకి వచ్చినామె పేరు పంపమ్మ. రాయచూరు అవతల చంద్రబండ నుంచి వచ్చింది. మెడ బోసిగా ఉంది. నుదుట బొట్టు లేదు. ఆమె మరిది అంబరీష్ ఆటో దగ్గరే ఆగాడు. ట్రాలీలో ఆక్సిజన్ మిషను తాడుతో కట్టి ఉంది. దాన్ని కడిగి, తుడిచి, పైన శుభ్రమైన పంచె కప్పి తెచ్చారు.

"అన్నా, మీ మిషన్ తెచ్చిన," అంది పంపమ్మ, గుమ్మం బయటే చెప్పులు విడిచి. "ఎవరితోనన్న పంపిస్తే బాగుండదని నేనే వచ్చిన. మా ఇంటాయన పోయెటప్పుడు మీరు చేసిన మెహర్బానీ మా ఇంట్ల ఎవ్వరం మరువం."

వంగి అతని కాళ్ళకి మొక్కింది. సాయిబాబు వారించలేదు. ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. రొయ్యల వాసన ఇంకా వదలని చెయ్యి.

"మీ ఆయన సూగప్ప మంచివాడమ్మా. దేవుడికి మంచివాళ్ళే కావాలి."

"శానా తక్లీఫ్ పడిండు అన్నా." పంపమ్మ కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. చెప్పాలనే వచ్చినట్టుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేక, ఈ పెద్దమనిషికైతే చెప్పుకోవచ్చని ఇంతదూరం మోసుకొచ్చినట్టుంది. "ఆఖరుకు పైపు ఉంచుకోకపాయె. దీంట్ల గాలి లేదు, దీంట్ల గాలి లేదు, ఇదే మాట. పీకి పారేస్తుండె. మీకు ఫోన్ చేస్తిని గద. పీకనియ్యకు, చేతులు పట్టుకో అంటిరి. పట్టుకుంటే ఆగుతడా? బలమంత తెచ్చుకుని గుంజుకుంటుండె. అప్పుడు..." ఆమె తన రెండు చేతులూ చూసుకుంది. "అప్పుడు ఆయన రుమాలుతోనే మంచం పట్టెకు కట్టేసిన. మొగని చేతులు నేనే కట్టేసిన అన్నా. నా దిక్కే చూస్తుండె. తెల్లారంగ చూస్తే చల్లగున్నడు. నేను చేసింది పాపమా?"

తిరుపతమ్మకి అర్థమైంది. గాలి లేదన్న మనిషి నిజమే చెప్పాడు. ఆ ఇంట్లో నిజం తెలిసినవాడు అతనొక్కడే, అతని చేతులు కట్టేశారు. కట్టమన్నవాడు ఇదిగో, తెల్లచొక్కాలో నిలబడి ఉన్నాడు.

"పాపమేముందమ్మా?" అన్నాడు సాయిబాబు, ఇంతకుముందు చెల్లెలితో మాట్లాడిన ఆ మెత్తని గొంతుతోనే. "చెయ్యాల్సిందంతా చేశావు. ఆయుష్షు అంతే రాసుంది. మనసులో ఏం పెట్టుకోకు."

అంటూ పంపమ్మ తల మీదుగా చెల్లెలి వంక చూశాడు. ఆ చూపులో భయం లేదు. బతిమాలడం లేదు. ఇప్పుడు చెప్పు చూద్దాం అన్నట్టుంది. నువ్వు నోరు విప్పితే చచ్చేది నేను కాదు, ఈ ఆడమనిషి అన్నట్టుంది. ఆ సంగతి అతనికి అప్పుడే తట్టింది. తట్టినందుకు అతని మూతి ఒక పక్కకి, కొద్దిగా, తృప్తిగా వంగింది.

పంపమ్మ కళ్ళు తుడుచుకుని అటు తిరిగింది. తిరుపతమ్మ మొహం చూసి, ఒక అడుగు ముందుకేసింది. "నువ్వెందుకు ఏడుస్తున్నవమ్మా? మీ ఇంట్ల గూడ ఎవరికన్న బాగలేదా?"

తిరుపతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"దించొద్దయ్యా, దించొద్దు," సాయిబాబు గుమ్మంలోకి నడిచి అంబరీష్‌తో అంటున్నాడు. "అటునుంచి అటే లింగసుగూరు తీసుకుపో. పాపం, ఒక బాలింత, ఊపిరాడక అల్లాడిపోతోంది. పొద్దున్నుంచి ఫోన్ల మీద ఫోన్లు. డబ్బా కూడా ఇస్తాను, ఉండు." వెనక్కొచ్చి, బల్ల మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మరును, తిరుపతమ్మ తెచ్చినదాన్నే, అదే పాతచీర ముక్కతో పట్టుకుని తీసుకెళ్ళి ట్రాలీలో పెట్టాడు.

అంబరీష్ ఆటో స్టార్టు చేశాడు.

తిరుపతమ్మకి తను ఎప్పుడు కదిలిందో తెలియలేదు. మెట్లు దిగింది, చెప్పులు కూడా వేసుకోలేదు. కాలే గచ్చు మీద పరుగెత్తి ఆటోకి అడ్డం నిలబడింది. రెండు చేతులూ అద్దం మీద పెట్టింది. అంబరీష్ బెదిరి బ్రేకు తొక్కాడు.

"ఆపు బాబూ. ఈ మిషను ఎక్కడికీ పోకూడదు."

"తిరుపతీ!" వెనకనుంచి సాయిబాబు గొంతు. కోపం లేదు, అదే మెత్తదనం. "ఆలోచించుకుని మాట్లాడు. మొగుడు పోయిన ఆ తల్లి ఇంకా బతకాలి."

పంపమ్మ గుమ్మంలోంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నెమ్మదిగా మెట్లు దిగి ఆటో దగ్గరికి వచ్చింది. తను కడిగి తెచ్చిన మిషను మీద, తను కప్పిన పంచె మీద, చెయ్యి వేసింది.

"ఎందుకు పోగూడదమ్మా?" అంది. "మా ఇంటాయనకి పానమున్నంత సేపు ఇదే నడిచింది. ఒక్క గడియ ఆగలే. చెప్పు, ఏముంది దీంట్ల?"